జన్యు వ్యక్తీకరణ మార్పుల సమూహీకరణ: దూరపు కొలమానం ఎంపిక

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో మొక్కల ప్రజననంపై వెలువడే సిద్ధాంత వ్యాసాలలో మహలనోబిస్ డి-స్క్వేర్, టోకర్ సమూహీకరణ కనిపించనివి తక్కువ. ఆ పద్ధతిని ప్రజననకారుల చేతికి అందించినది 1952లో వెలువడిన సి.ఆర్. రావు జీవమితి గ్రంథం. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కళాశాలలోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను గణితం అభ్యసించి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరినవారాయన. ఈ పరిచయం వల్లనే కాబోలు, జన్యు వ్యక్తీకరణ దత్తాంశం చేతికి రాగానే విద్యార్థులు అదే మార్గాన్ని అనుసరించాలని చూస్తారు. అది ఇక్కడ సాగదు.

కారణం స్పష్టమే. డి-స్క్వేర్ గణనకు విస్తృతి-సహవిస్తృతి మాత్రికకు విలోమం కావాలి. నలభై రకాలలో పది లక్షణాలను పునరావృతాలతో కొలిచినప్పుడు అది లభిస్తుంది. ఆర్.ఎన్.ఎ. అనుక్రమణంలోనైతే పన్నెండు నమూనాలకు ఇరవై, ముప్పై వేల జన్యువులుంటాయి. జన్యువులనే లక్షణాలుగా తీసుకొని నమూనాలను సమూహీకరించబోతే ఆ మాత్రికకు విలోమమే ఉండదు. అందువల్ల సాధారణంగా జన్యువులనే సమూహాలుగా విభజిస్తాము. అప్పుడు ఏ దూరాన్ని ఎంచుకోవాలన్నదే అసలు ప్రశ్న.

ఉత్తరాంధ్రలో చోడి అని పిలిచే రాగి పంటను ఉదాహరణగా తీసుకుందాం. సాధారణ స్థితితో పోల్చి బెట్ట, లవణత, అధిక ఉష్ణోగ్రతలలో వ్యక్తీకరణ ఎంత మారిందో కొలిచామనుకుందాం. ఒక జన్యువు 100 నుండి 400కు, మరొకటి 5 నుండి 20కి పెరిగితే రెండింటిలోను మార్పు నాలుగు రెట్లే. 2 ఆధారంగా గల సంవర్గమానంలో అది +2. నాలుగో వంతుకు తగ్గితే −2. ముడి సంఖ్యలతో సమూహీకరిస్తే ఈ రెండు జన్యువులు వేర్వేరు చోట్లకు పోతాయి.

ఇక మూడు ఊహాజనిత జన్యువులను చూద్దాం. పై మూడు వాతావరణాలలో, అదే వరుసలో, మార్పు విలువలు క: 2, 0, 2, ఖ: 0.2, 0, 0.2, గ: 1, −1, 1. సాధారణ సహసంబంధ గుణకం ప్రకారం ఏ జతను తీసుకున్నా విలువ 1. అంటే మూడూ ఒకే సమూహం. కాని ఖ లోని మార్పు ప్రయోగ దోషం పరిమాణంలోనే ఉండవచ్చు. గ లవణతలో తగ్గుతోంది, క లో ఏ మార్పూ లేదు. సగటును తీసివేయడం వల్ల ఈ భేదం మరుగున పడింది. సాధారణ స్థితితో పోల్చిన మార్పులలో సున్నాకు అర్థం ఉంది గనుక సగటు తీయని సహసంబంధమే ఇక్కడ తగినది; దాని ప్రకారం క, గ ల మధ్య విలువ 0.82. ఖ వంటి వాటిని మాత్రం పునరావృతాల ఆధారంగా ముందే వడపోయాలి. ఏ సహసంబంధమూ ఆ పని చేయదు. పోల్చుకోవడానికి సాధారణ స్థితి అంటూ లేని క్షేత్ర ప్రయోగాలలో సగటు నుండి విచలనాన్ని తీసుకోవడం సమంజసమే.

ఇది గణిత చర్చకే పరిమితం కాదు. 2000లో ఈస్ట్‌పై గాష్ బృందం ప్రచురించిన పరిశోధనలో సుమారు 900 జన్యువులు ఉష్ణం, ద్రవాభిసరణ పీడనం, పోషక లోపం వంటి భిన్న స్థితులన్నింటికీ దాదాపు ఒకే రీతిలో స్పందించాయి. బెట్ట ఒక్కదానినే పరీక్షించి ఉంటే వీటిని బెట్ట జన్యువులుగా భ్రమపడేవారు. పంట మొక్కలోనూ అటువంటి సమూహం నుండి ఒక జన్యువును ఎన్నుకొని, దానిని బెట్ట సహనానికి సూచికగా ప్రజననకారునికి అందిస్తే, కొన్నేళ్ల శ్రమ వృథా కావచ్చు. అనేక వాతావరణాలలో కొలవడం వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం ఈ రెండు రకాల స్పందనలను వేరుచేయగలగడమే.

క్షేత్రంలో మరొక చిక్కు ఉంది. అనకాపల్లి మైదానంలో ఉదయం, చింతపల్లి ఎత్తైన ప్రాంతంలో మధ్యాహ్నం ఆకులు సేకరించారనుకోండి. మొక్కలోని దినచర్య గడియారం వల్ల అనేక జన్యువుల స్థాయి గంట గంటకూ మారుతుంది. అప్పుడు వచ్చే సమూహాలు ప్రాంతాలవో వేళలవో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. పైరు దశ, సేకరణ వేళ రెండు చోట్లా ఒకటిగా ఉండాలి.

యాదృచ్ఛిక సంఖ్యలను ఇచ్చినా సమూహీకరణ సమూహాలను చూపుతుంది. అవే దత్తాంశాలతో ఆ సమూహాల మధ్య భేదానికి సార్థకత పరీక్ష జరిపి, నక్షత్ర గుర్తులు పెట్టడం చెల్లదు. భేదం ఉండేలాగానే వాటిని విభజించాము గదా. ఒక్కొక్క పునరావృతాన్ని తొలగించి మళ్లీ సమూహీకరించాలి. ప్రతిసారీ కలిసే ఉన్న జన్యువులనే తదుపరి సంవత్సరపు నమూనాలలో పరీక్షకు తీసుకోవాలి.