చక్రవేగ సంకేతము తప్పినప్పుడు

2019 ఏప్రిల్ నుండి మనదేశమున కొత్త కార్లకు నిర్బంధమైన ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రములు బిగిసిపోకుండ చూచు ఏర్పాటు) యొక్క హెచ్చరిక దీపము, జమ్మలమడుగు నల్లరేగడి దారులలో తిరిగి ప్రొద్దుటూరు చేరిన బండియందు వెలిగినంతనే, ఖరీదైన మాడ్యూలును మార్పించుట తొందరపాటు; చక్రముతో తిరుగు పళ్ల వలయమును గమనించి వేగము తెలుపు సెన్సారుపై, అందలి అయస్కాంతము ఆకర్షించిన ఇనుపరజను పేరుకొనుటయో, పళ్లనడుమ బురద గట్టిపడుటయో, వైరు ఒరసికొని తెగుటయో తఱచుగ కారణమగును.

పులివెందుల దారిలో తిన్నగా, నెమ్మదిగా నడుపుచు స్కానరును చూచినచో, మూడు చక్రములు గంటకు 20 కిలోమీటర్ల వేగము చూపుచుండగా నాలుగవది సున్నకు జాఱినయెడల దోషస్థానము తెలిసిపోవును. బండి ఆగబోవు క్షణమున, మంచి తారుపైననే బ్రేకు పెడలు దడదడలాడుట బలహీన సంకేతమునకు గుర్తు. అట్టిచో దోషపు కోడు నమోదు కాకపోవచ్చును, దీపమును వెలుగకపోవచ్చును.

పాత తీగచుట్ట సెన్సారు నిరోధమును మీటరుతో కొలువవచ్చును గాని, లోపల ఎలక్ట్రానిక్ చిప్పుగల కొత్త హాల్ రకమును అట్లు కొలుచుట దానికే చేటు. ఇక, పళ్ల వలయమునకు బదులు అయస్కాంత వలయము సీలుననే ఇమిడియున్న బేరింగును తిరగవేసి బిగించినచో సంకేతమే రాదు, కావున మెకానిక్కు మొదట అడుగవలసినది, “ఈమధ్య బేరింగు మార్పించినారా?” అని.