ప్రోవాన్సు సీమలో ఒక కవి కొలువు

ఫ్రాన్సు దేశం అనగానే మనలో చాలామందికి జ్ఞాపకం వచ్చేవి పారిస్ నగరమూ, ఐఫెల్ టవరూను. ఆ దేశానికి దక్షిణాన, మధ్యధరా సముద్రపు టొడ్డున, ప్రోవాన్సు అనే ఎండకాసే సీమ ఒకటి ఉన్నది. పోయిన వేసంగి సెలవుల్లో నేనూ, మా ఆవిడా అక్కడ ఎనిమిది రోజులు తిరిగి వచ్చాం. చూడదగినవి చాలా ఉన్నాయి. కాని తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు అన్నిటికంటె ఎక్కువగా మనసులో నిలిచిపోయింది ఒక పల్లెటూరి కవి నెలకొల్పిన మ్యూజియం. దాని సంగతి చెప్పేముందు ఆ సీమను పాఠకులకు కొంచెం పరిచయం చేయాలి.

పారిస్ నుంచి అవిన్యాన్ పట్టణానికి సుమారు 700 కిలోమీటర్లు. వేగంగా పోయే రైలులో మూడు గంటలు పట్టదు. దక్షిణానికి పోయేకొద్దీ ఆకాశం నీలం తేరుతుంది. ఇళ్ళ మీద ఎర్ర పెంకులు కనిపిస్తాయి. ఆలివ్ తోటలు, ద్రాక్షతోటలు, వాటి మధ్య బారులు తీరిన సైప్రస్ చెట్లు. ఆ చెట్లు అందానికి పెంచినవి కావు. ఉత్తరాన్నుంచి రోన్ నది లోయ వెంట "మిస్త్రాల్" అనే చలిగాలి వీస్తుంది. ఒక్కొక్కప్పుడు దాని వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. పైరుకు ఆ చెట్లే అడ్డు. పాతకాలపు రైతుల ఇళ్ళకు ఉత్తరపు గోడన కిటికీలు ఉండవు. మనవాళ్ళు వాస్తు చూసి ఇల్లు కట్టుకుంటే, వాళ్ళు గాలి చూసి కట్టుకున్నారు!

రోమనుల రాళ్ళు

ఆల్ప్స్ పర్వతాలకు ఆవల రోమనులు ముందుగా సంపాదించుకున్న రాష్ట్రం ఇది. "ప్రొవిన్షియా" అన్న వారి మాటే ప్రోవాన్సు అయింది. వాళ్ళు పోయి పదిహేను వందల ఏళ్ళు దాటినా వాళ్ళ కట్టడాలు చెక్కుచెదరలేదు. ఒరాంజ్ పట్టణంలో నాటకశాల ఉంది. దాని రంగస్థలం వెనక గోడ పొడవు 103 మీటర్లు, ఎత్తు 37 మీటర్లు. దాని ముందు నిలబడితే మనిషి చీమలా కనిపిస్తాడు. 1869లో మొదలైన సంగీతోత్సవాలు వేసవిలో ఇప్పటికీ అక్కడ జరుగుతున్నాయి.

రోన్ నది దాటి పడమటికి పోతే గార్ వంతెన వస్తుంది. మూడు అంతస్తుల తోరణాలతో, 49 మీటర్ల ఎత్తున, కింద నది పారుతుండగా పైన నీమ్ నగరానికి మంచినీళ్ళు మోసిన కట్టడం అది. కాలువ మొత్తం పొడవు సుమారు 50 కిలోమీటర్లు. అంత దూరానికీ వాళ్ళు ఇచ్చిన వాలు 20 మీటర్లకు లోపే. మన ఊళ్ళో పొలానికి నీళ్ళు పెట్టే రైతుకు ఆ లెక్కలోని కష్టం తెలుస్తుంది. కింది తోరణాల రాళ్ళ మధ్య సున్నం కూడా లేదు. రాయిమీద రాయి కుదిరి కూర్చున్నది.

అవిన్యాన్ పట్టణం కథ వేరు. 1309లో పోపుగారు రోముకు పోకుండా ఇక్కడ కాపురం పెట్టారు. 1377 దాకా ఏడుగురు పోపులు ఇక్కడినుంచే మతరాజ్యం నడిపించారు. వాళ్ళ రాజప్రాసాదం బయటనుంచి చూస్తే కోట, లోపల చూస్తే పెద్దపెద్ద ఖాళీ గదులు. 1947లో జాన్ విలార్ అనే నటుడు దాని ముంగిట్లో నాటకాలు ఆడించడం మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి జూలై నెలలో ఊరంతా నాటకశాలగా మారే ఉత్సవమయింది. నది మీద 22 తోరణాల వంతెన ఉండేది. వరదలు మింగగా నాలుగే మిగిలాయి. సగంలో ఆగిపోయిన ఆ వంతెన మీద పాట రాని ఫ్రెంచి పిల్ల ఉండదు.

బందరు అద్దకం జాడలు

ఆర్ల్ పట్టణంలో వారంనాటి సంత తప్పక చూడాలి. ఆలివ్ కాయల ఊరగాయలు, వెల్లుల్లి జడలు, లావెండర్ సంచులు. అక్కడ ఒక బట్టల కొట్టు ముందు మా ఆవిడ ఆగిపోయింది. "ఇవి మన బందరు అద్దకాల్లా లేవూ!" అన్నది. మరో దుకాణంలో వాటి పేరు అడిగితే "ఇందియెన్" అన్నారు, అంటే ఇండియావి అని అర్థం. ఆవిడ కన్ను పొరబడలేదు. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరంనుంచి, మన బందరునుంచి కూడా, అద్దకపు నూలుబట్టలు యూరపుకు ఓడల్లో వెళ్ళేవి. మార్సెయ్ రేవులో దిగిన అలాంటి బట్టల మోజు ఫ్రాన్సును ఎంతగా పట్టిందంటే, తమ నేతగాళ్ళ బతుకు పోతుందని 1686లో రాజు వాటిని నిషేధించాడు. 1759 దాకా నిషేధం సాగింది. ఈలోపల ప్రోవాన్సువాళ్ళు ఆ అద్దకాన్ని అనుకరించడం నేర్చి తమది చేసుకున్నారు. ఇప్పుడు అది వాళ్ళ జాతీయ వేషంలో భాగం.

మార్సెయ్ రేవుతో మనకు మరో సంబంధం కూడా ఉంది. 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తూ గాంధీజీ ఓడ దిగింది అక్కడే.

ఒక కవి, ఒక బహుమతి

ఆర్ల్ లో రోమనుల అరేనా ఉంది. ఒకప్పుడు ఇరవై వేల మంది కూర్చునేవారట. 1888 ఫిబ్రవరిలో వాన్ గో వచ్చి ఏడాదికి పైగా ఉండి, పసుపుపచ్చని ఎండను బొమ్మల్లో పట్టుకున్నదీ ఈ ఊళ్ళోనే. వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఈ రెండూ చూసి వెళ్ళిపోతారు. నాలుగడుగులు వేస్తే "మ్యూజియోన్ అర్లాతెన్" అనే పాత భవనం ఉంది. నేను చెప్పదలచుకున్నది దాన్ని గురించి.

ఫ్రెడరిక్ మిస్త్రాల్ 1830లో మయాన్ అనే పల్లెలో రైతు ఇంట పుట్టాడు. ఎక్స్ పట్టణంలో న్యాయశాస్త్రం చదివి, ప్లీడరు పని పెట్టకుండా పల్లెకు తిరిగివచ్చి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన ఇంటి భాష ఫ్రెంచి కాదు, ప్రోవాన్సాల్. ఫ్రాన్సు దక్షిణాన "అవును" అనడానికి "ఓక్" అనే భాషలు ఉండేవి. ప్రోవాన్సాల్ వాటిలో ఒకటి. 12వ శతాబ్దంలో ఆ భాషల్లో కవులు పాడిన ప్రేమగీతాలను యూరపంతా నెత్తిన పెట్టుకున్నది. డాంటే మహాకవి తన కావ్యంలో అర్నో దానియెల్ అనే ఆ భాషాకవి చేత సొంతభాషలోనే మాట్లాడించాడు. తరవాత రాజభాష ఫ్రెంచి అయింది. ఇంటిభాష పల్లెమోటు మాట అయింది.

1854లో మిస్త్రాల్, మరి ఆరుగురు కవులు కలిసి ఆ భాషకోసం "ఫెలిబ్రిజ్" అనే సంఘం పెట్టారు. 1859లో ఆయన "మిరేయో" కావ్యం వెలువడింది. కలవారి పిల్ల ఒక బుట్టలల్లేవాడి కొడుకును ప్రేమించి, ఎండదెబ్బకు ప్రాణం విడిచిన కథ అది. తరవాత ఏళ్ళ తరబడి కూర్చుని రెండు పెద్ద సంపుటాల నిఘంటువు తయారుచేశాడు. బ్రౌన్ దొర నిఘంటువు నేటికీ మన బల్లలమీద ఉన్నట్టే, అది అక్కడి పండితుల బల్లలమీద ఉంది. 1904లో ఆయనకు నోబెల్ సాహిత్య బహుమతి వచ్చింది. స్పెయిన్ నాటకకర్త ఎచెగరాయ్ తో కలిపి ఇచ్చారు. ఆ డబ్బుతో ఆయన తాను 1890లలో మొదలుపెట్టిన ఈ మ్యూజియానికి పెద్ద భవనం సమకూర్చాడు.

లోపల రాజుల కత్తులూ కిరీటాలూ లేవు. ఊయలలు, కవ్వాలు, గొర్రెల మెడగంటలు, ఆడవాళ్ళ కుచ్చిళ్ళు, పెళ్ళి పెట్టెలు ఉన్నాయి. ఒక గదిలో నిలువెత్తు బొమ్మలతో బాలింత గదిని అమర్చారు. చూడవచ్చిన ముత్తయిదువులు పసిబిడ్డకు నాలుగు వస్తువులు తెచ్చారు: గుడ్డు, రొట్టె, ఉప్పు, అగ్గిపుల్ల. గుడ్డులా నిండుగా, రొట్టెలా మంచిగా, ఉప్పులా బుద్ధిగా, అగ్గిపుల్లలా నిటారుగా బతకమని దీవెన! మా ఆవిడ ఆ గది వదిలి రాలేకపోయింది.

బొమ్మల సంగతి వచ్చింది గనుక మరొకటి చెప్పాలి. క్రిస్‌మస్ కు ప్రోవాన్సులో ఇంటింటా మట్టిబొమ్మలతో కొలువు పెడతారు. బాలయేసు చుట్టూ దేవదూతలే కాదు, పిండిమర వాడు, చేపలమ్మి, కత్తులకు సానపట్టేవాడు, ఆశ్చర్యంతో రెండు చేతులూ పైకెత్తిన పల్లెటూరి అమాయకుడు కూడా ఉంటారు. మార్సెయ్ లో 1803 నుంచి ఈ బొమ్మల సంత సాగుతున్నది. సంక్రాంతి బొమ్మలకొలువు ఎరిగిన మనకు వివరించి చెప్పనక్కరలేదు.

ఇంటావిడ చెప్పిన మాట

మేము బస చేసిన ఇంటి యజమానురాలికి డెబ్బై ఏళ్ళు దాటాయి. మిస్త్రాల్ భాష మీకు వచ్చునా అని అడిగాను. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడ చెప్పిన సారాంశం ఇది: వాళ్ళ అమ్మమ్మ ఆ భాషే మాట్లాడేది. బడిలో ఆ మాట నోట వస్తే శిక్షించేవారు గనుక, తన బిడ్డకు ఆ పాట్లు వద్దని వాళ్ళమ్మ ఈవిడతో ఫ్రెంచే మాట్లాడింది. "నాకు వింటే తెలుస్తుంది, నోటికి రాదు. మా మనవలకు వీధి పలకల మీద మాత్రం కనిపిస్తుంది" అన్నది. నిజమే, పాతపట్టణంలో చాలా వీధులకు రెండు భాషల్లో పేర్లు రాశారు. 1951 చట్టంతో బడుల్లో ఆ భాష నేర్పడానికి అనుమతి వచ్చింది. కాని అప్పటికే ఇళ్ళలో పలికే నోళ్ళు తగ్గిపోయాయి. ఇవాళ యునెస్కో దాన్ని తీవ్రమైన ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో చేర్చింది.

ఆ అమ్మను నేను తప్పుపట్టలేను. బిడ్డ బాగుకోసమే అలా చేసింది. మన ఇళ్ళలో కూడా ఎందరో తల్లులు అదే ఉద్దేశంతో పిల్లలచేత ఇంగ్లీషే పలికిస్తున్నారు. కోట్లమంది మాట్లాడే తెలుగుకు అంత గతి పట్టదని నాకు నేను చెప్పుకున్నాను. అయినా మూడు తరాల్లో ఒక ఇంట్లో జరిగిన పని చూసిన తరవాత, ఆ ధైర్యం కొంచెం తగ్గిన మాట వాస్తవం.

వెళ్ళదలచినవారికి రెండు ముక్కలు. లావెండర్ పూలు చూడాలంటే జూన్ ఆఖరునుంచి జూలైలో వెళ్ళాలి. మేము మే నెలలో వెళ్ళి పచ్చని మొక్కలే చూశాం. శాకాహారులు భయపడనక్కరలేదు; వంకాయ, టొమాటో కలిపి ఆలివ్ నూనెలో మగ్గించే కూర అన్నిచోట్లా దొరుకుతుంది. వేసవిలో కూడా చలిగాలికి ఒక శాలువా ఉంచుకోండి. ఆర్ల్ లో అరేనా చూసి వెనుదిరగకుండా మ్యూజియానికి రెండు గంటలు కేటాయించండి. పిల్లలు వెంట ఉంటే, ఆ బాలింత గది ముందు నిలబెట్టి, మన ఇంట్లో పురుటికీ, బారసాలకూ ఏమేం చేస్తామో వాళ్ళకు తెలుగులో చెప్పండి.