ఒక్క నెస్సీ, రెండు ముసుగులు

స్కూబీ డూ కథ ఎలా ముగుస్తుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దెయ్యమో రాకాసో చివరికి వలలో పడుతుంది, ముసుగు లాగితే లోపల మామూలు మనిషి బయటపడతాడు. 1969 సెప్టెంబరులో అమెరికాలోని సీబీఎస్ చానల్లో ఈ కార్టూన్ మొదలైనప్పటి నుంచి దాదాపు ఇదే వరస. ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మా, షాగీ అనే నలుగురు స్నేహితులు, వాళ్లతో పాటు పిరికి కుక్క స్కూబీ, ఓ రంగురంగుల వ్యాన్ వేసుకుని తిరుగుతూ వింతల గుట్టు విప్పుతుంటారు. కార్టూన్ నెట్‌వర్క్ చూస్తూ పెరిగిన మన పిల్లలకు వాళ్లు కొత్తవాళ్లేం కాదు. 2004లో నేరుగా వీడియోగా విడుదలైన ‘స్కూబీ డూ అండ్ ద లాక్‌నెస్ మాన్‌స్టర్’ కూడా పైకి చూస్తే ఆ మూసలోంచి వచ్చిందే. కాకపోతే దాని ముగింపులో ఒక తేడా ఉంది. అక్కడ ఊడే ముసుగు ఒకటి కాదు, రెండు. తొంభై ఏళ్లుగా స్కాట్లాండ్‌లోని లాక్‌నెస్ సరస్సు ఒడ్డున తెలివైనవాళ్లు సైతం పొరబడుతున్న చోటును ఆ ఒక్క తేడాతో ఈ పిల్లల సినిమా సరిగ్గా పట్టుకుందని నా నమ్మకం.

సినిమా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి కథ చెప్పేసినా తప్పులేదు. స్కాట్లాండ్‌లో డాఫ్నీ పూర్వీకుల కోట ఒకటి ఉంది. అక్కడ జరిగే హైలాండ్ ఆటల పోటీలు చూడటానికి స్నేహితులంతా వెళతారు. వెళ్లేసరికి నెస్సీ అని జనం పిలుచుకునే లాక్‌నెస్ రాకాసి వచ్చి మైదానాన్ని ధ్వంసం చేసిందన్న వార్త ఎదురవుతుంది. అనుమానించడానికి మనుషులకు కొదవలేదు. నెస్సీ ఉందని ప్రాణం పెట్టి నమ్మే ప్రొఫెసర్ ఫియోనా పెంబ్రూక్, ఆమె మాటను కొట్టిపారేసే సర్ ఇయాన్ లాక్స్‌లీ, నెస్సీని వెతుక్కుంటూ అమెరికా నుంచి వచ్చి ఒడ్డునే మకాం వేసిన డెల్ చిల్‌మన్, పోటీల్లో పాల్గొనే స్థానిక కుర్రాళ్లు. ఆఖరున తేలేదేమిటంటే, నీళ్లలో కనిపించిన నెస్సీ ప్రొఫెసర్ నడిపిన జలాంతర్గామి, నేల మీద తిరిగిన నెస్సీ ఇద్దరు కుర్రాళ్లు తమాషాకు తయారుచేసిన బొమ్మ. ఒకరి గుట్టు ఒకరికి తెలియదు. ఊరి జనం మాత్రం రెంటినీ కలిపి ఒకే రాకాసిగా లెక్కేసుకున్నారు.

ఈ పరిష్కారం నాకు ఎందుకు ముఖ్యమనిపించిందో చెప్పాలంటే అసలు సరస్సు దగ్గరికి వెళ్లాలి. లాక్‌నెస్ పొడవు సుమారు 37 కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరున్నర, లోతు కొన్నిచోట్ల 220 మీటర్లు దాటుతుంది. ఇంగ్లండ్, వేల్స్ సరస్సులన్నిటి నీళ్లూ కలిపినా దీనికి సరిపోవు. చుట్టుపక్కల కొండల మీది పీట్ నేల నుంచి కొట్టుకొచ్చే రేణువులతో నీళ్లు తేనీటి రంగులో ఉంటాయి, కొద్ది మీటర్ల లోతుకే వెలుతురు ఆగిపోతుంది. అలాంటి నీటి ఒడ్డున 1933 నాటికి కొత్త రోడ్డు సిద్ధమైంది, కార్లలో వచ్చేవాళ్లకు సరస్సు బారునా కళ్లముందు పరుచుకుంది. ఆ ఏడాది మే 2న ‘ఇన్వర్‌నెస్ కొరియర్’ పత్రికలో స్థానిక దంపతులు నీళ్లలో తిమింగలంలాంటి పెద్ద ప్రాణి దొర్లడం చూశారని వార్త వచ్చింది. కొన్ని నెలలకు లండన్ నుంచి వచ్చిన స్పైసర్ దంపతులు, పొడవాటి మెడతో ఒక జంతువు తమ కారు ముందే రోడ్డు దాటిందన్నారు. ఒకటి నీళ్లలో, ఒకటి నేల మీద. ఒకటి గుండ్రటి వీపు, ఒకటి పొడుగు మెడ. రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు కళ్లకు కనిపించినవి. పత్రికలకు మాత్రం రెండిటికీ కలిపి ఒకే పేరు చాలింది. అదే 1933లో పొడుగు మెడ రాక్షసబల్లిని తెర మీద చూపించిన ‘కింగ్ కాంగ్’ విడుదలైందని, స్పైసర్ వర్ణనకు ఆ దృశ్యానికి పోలిక ఉందని తర్వాతి పరిశోధకులు ఎత్తిచూపారు. ఆ పోలిక ఎంత బలమైనదైనా మొదటి దంపతులు చూసినదాన్ని అది వివరించలేదు. దాని కారణం దానికి విడిగా వెతకాల్సిందే.

ఇక్కడ మార్మడ్యూక్ వెథరెల్ అనే మనిషి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పెద్ద జంతువులను వేటాడటంలో పేరున్న ఇతణ్ణి 1933 డిసెంబరులో ‘డెయిలీ మెయిల్’ పత్రిక నెస్సీని పట్టుకురమ్మని పంపింది. కొద్ది రోజులకే ఒడ్డున పెద్ద పెద్ద అడుగుజాడలు దొరికాయని అతను ప్రకటించాడు. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు అచ్చులు చూసి అవి నీటిగుర్రం పాదానివని తేల్చారు, అదీ ఎండబెట్టి ఇంట్లో గొడుగులు పెట్టుకునే స్టాండుగా మార్చిన పాదంలాంటిది. వెథరెల్ నవ్వులపాలయ్యాడు. 1934 ఏప్రిల్ 21న అదే పత్రిక మొదటి పేజీలో, నీళ్లలోంచి మెడ ఎత్తిన నెస్సీ ఫొటో ఒకటి వచ్చింది. తీసింది రాబర్ట్ కెన్నెత్ విల్సన్ అనే లండన్ డాక్టరు అన్నారు కాబట్టి దానికి ‘సర్జన్ ఫొటో’ అని పేరు పడింది, ఒక వైద్యుడు అబద్ధమాడతాడని చాలామంది అనుకోలేదు. అరవై ఏళ్ల తర్వాత అసలు కథ బయటికొచ్చింది. వూల్‌వర్త్స్ దుకాణంలో కొన్న ఆటబొమ్మ జలాంతర్గామి మీద కొయ్యపొడి ముద్దతో తల, మెడ మలిచి నీళ్లలో వదిలారు. మలిచింది వెథరెల్ సవతి కొడుకు క్రిస్టియన్ స్పర్లింగ్, వెనక ఉన్నది వెథరెల్, డాక్టరు కేవలం ముందు నిలబెట్టిన పరువుగల పేరు. పత్రికలో అచ్చయిన ఫొటో చుట్టూ కత్తిరించింది. కత్తిరించని ప్రతిలో చూస్తే ఆ ‘రాకాసి’ చుట్టూ ఉన్నవి చిన్న చిన్న అలలు, దాని అసలు పరిమాణాన్ని అవే పట్టిస్తాయి.

ఈ చరిత్ర పక్కన సినిమాలోని ప్రొఫెసర్‌ను నిలబెట్టి చూడండి. మామూలుగా స్కూబీ కథల్లో ముసుగు వేసుకునేవాడికి డబ్బు కావాలి, భూమి కావాలి, దాచిన నిధి కావాలి. పెంబ్రూక్‌కు అవేవీ అక్కర్లేదు. తన మాట నమ్మక తనను తక్కువ చేసిన సర్ ఇయాన్‌కు ఒక్కసారి కళ్లారా చూపించి నమ్మించాలి, అంతే. నిజమైన నెస్సీ ఉందని నమ్మినందువల్లనే ఆమె దొంగ నెస్సీని తయారుచేసింది. వెథరెల్‌ను కూడా నడిపింది డబ్బు కాదు, దెబ్బతిన్న పరువు. ఇద్దరి చేతుల్లోనూ జలాంతర్గామే ఆయుధం కావడాన్ని సినిమా రాసినవాళ్లు తెలిసే పెట్టారో లేదో గానీ, మనిషి మనసు మాత్రం రెండు చోట్లా ఒకేలా పనిచేసింది. మోసం వెనక ఎప్పుడూ లాభమే ఉంటుందనుకునేవాళ్లు ఇలాంటి మోసాన్ని పట్టుకోలేరు. ‘ఆ డాక్టరుకు ఏం ఒరుగుతుందని అబద్ధం చెబుతాడు?’ అన్న ప్రశ్న దగ్గరే అరవై ఏళ్లు గడిచిపోయాయి.

అయితే దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఒక్కో దృశ్యానికి ఒక్కో కారణం ఉండొచ్చంటే, అందులో ఏదో ఒకదానికి కారణం నిజమైన ప్రాణే ఎందుకు కాకూడదు? ఈ వాదనను తేలిగ్గా తీసెయ్యలేం. సర్జన్ ఫొటో గుట్టు బయటపెట్టిన ఇద్దరు పరిశోధకుల్లో ఒకరైన అలస్టర్ బాయిడ్ 1979లో తాను సరస్సులో పెద్ద ప్రాణిని చూశానని, ఫొటో దొంగదైనా తాను చూసింది అబద్ధం కాదని అంటూనే ఉన్నాడు. తర్కం వరకు అతని మాట సరైనదే. ఒక దొంగనోటు దొరికినంత మాత్రాన నోట్లన్నీ దొంగవి కావు. కానీ అదే తర్కం అతనికి ఇంకో బాధ్యత కూడా పెడుతుంది. తొంభై దృశ్యాలు ఉన్నాయి కాబట్టి తొంభైయ్యొకటోది నిజమై ఉంటుందని అనడానికి వీల్లేదు, ఆ తొంభైయ్యొకటోది తన సాక్ష్యంతో తాను నిలబడాలి. అలా నిలబెట్టడానికి జరిగిన ప్రయత్నాలు తక్కువేమీ కాదు. 1987 అక్టోబరులో ‘ఆపరేషన్ డీప్‌స్కాన్’ పేరిట ఇరవైకి పైగా పడవలు వరసగా నిలిచి సోనార్‌తో సరస్సును జల్లెడ పట్టాయి. 2003లో బీబీసీ 600 సోనార్ కిరణాలతో వెతికించింది. 2018లో న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ గెమెల్ బృందం సరస్సంతటా 250 దాకా నీటి నమూనాలు తీసి, అందులో తేలే డీఎన్‌ఏను పరీక్షించింది. మరుసటి ఏడాది వచ్చిన ఫలితాల్లో సరీసృపాల జాడ లేదు, ఈల్ చేపల డీఎన్‌ఏ మాత్రం ఎక్కడ చూసినా ఉంది. అదీగాక సుమారు పదివేల ఏళ్ల కిందటి వరకు ఆ లోయంతా మంచుగడ్డల కింద ఉంది. డైనోసార్ల కాలపు జీవి అక్కడే దాక్కుని బతికిందనడానికి చోటే లేదు.

మరి సినిమా చివర ఏం చేస్తుంది? రెండు ముసుగులూ ఊడాక, అందరూ తిరుగుదారి పట్టాక, నిజమైన నెస్సీ స్కూబీ కంటికి మాత్రం కనబడుతుంది. అంతసేపు ఆధారాలు ఏరి చూపిన కథ చివరికి మాయలోకే జారిందని, పిల్లలకు నేర్పిన పాఠాన్ని తానే చెరిపేసిందని కొందరికి అనిపించొచ్చు. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ తన ‘ది డీమన్-హాంటెడ్ వరల్డ్’ పుస్తకంలో స్కూబీ డూను మెచ్చుకున్నది, అందులో ప్రతి వింతకూ చివరికి మామూలు కారణం దొరుకుతుందన్న కారణం మీదనే. ఆ కొలతతో చూస్తే ఈ ముగింపు తప్పుతుంది. నేను మాత్రం దీన్ని అంత పెద్ద తప్పుగా చూడను. 1998లో వచ్చిన ‘జాంబీ ఐలాండ్’ సినిమాలో రాకాసులు నిజంగానే ఉంటారు, అక్కడ పరిశోధనకు విలువే మిగలదు. ఇక్కడ చివరి దృశ్యం వల్ల పట్టుబడ్డ రెండు దొంగ నెస్సీలూ నిజమైపోవు, స్నేహితులు వేసిన ప్రశ్నలు వృథా కావు. డీప్‌స్కాన్‌లో కూడా ఏమిటో తేలని సోనార్ గుర్తులు మూడు మిగిలాయి. వాటిని చూసి కొన్ని పత్రికలు నెస్సీ ఉందన్నట్టు రాశాయి. ఆ అన్వేషణకు నాయకత్వం వహించిన ఏడ్రియన్ షైన్ అలా అనలేదు. సరస్సులో ఏళ్ల తరబడి పనిచేసిన అతను చాలా దృశ్యాలకు పడవల వెనక లేచే అలలను, నీటిపక్షులను కారణంగా చూపుతాడు. తేలని గుర్తు తేలనిదిగానే ఉండిపోవచ్చు, దాన్ని రాకాసిని చేయనక్కర్లేదు. సినిమా చివరి క్షణాన్ని నేను అలాగే తీసుకుంటాను, చూసింది ఒక్క స్కూబీయే, ఎవరికీ చూపించలేదు.

ఇంతా చేసి ఇది పిల్లల వినోదమే కదా, ఇంత బరువు ఎందుకు మోపాలని ఎవరైనా అడిగితే, పిల్లలు మొదట సాక్ష్యాన్ని బేరీజు వేయడం నేర్చుకునేది ఇలాంటి కథల్లోనే అన్నది నా జవాబు. పాదముద్ర పొంతన కుదరనప్పుడు, నీళ్లలో ఉన్నది అంతలోనే కొండ మీద ఎలా కనిపించిందని వెల్మా అడిగినప్పుడు, ‘రాకాసి ఎవరు?’ అన్న ప్రశ్న ‘రాకాసులు ఎన్ని?’ అని మారుతుంది. ఆ మార్పు చాలామంది పెద్దలకు కూడా తట్టదు.

నాకు సినిమాలో వెలితిగా కనిపించేది వేరే. చివరి క్షణాన్ని పక్కనపెడితే, అందులో నెస్సీని చూసినవాళ్లందరికీ ఎవరో ఒకరు కావాలని చూపించినదే కనబడింది. అసలు సరస్సు దగ్గర ఎక్కువ జరిగేది అది కాదు. 2003లోనే బీబీసీ బృందం పర్యాటకుల ముందు నీళ్లలోంచి ఒక కంచె గుంజను పైకి లేపి, చూసింది గీయమంది. నిటారు కర్రను చూసినవాళ్లలో కొందరు మెడ వంచిన రాకాసి తల గీశారు. వాళ్లు అబద్ధాలాడలేదు, ఎవర్నీ మోసం చెయ్యాలనుకోలేదు. ఏం కనబడుతుందో ముందే తెలుసన్న ధీమాతో వచ్చిన కళ్లు వాళ్లవి. డెల్ చిల్‌మన్ లాంటి అమాయక నమ్మకస్తుణ్ణి సృష్టించి కూడా, అతను ఒక పడవ అలను చూసి నెస్సీ అనుకునే ఒక్క సన్నివేశం రాయలేదు. రాసి ఉంటే ఫ్రెడ్ పన్నిన వలలో చిక్కడానికి ఎవరూ ఉండరు, లాగడానికి ముసుగూ ఉండదు. స్కూబీ డూ సినిమాకు అది కష్టమైన పనే. అయినా లాక్‌నెస్ ఒడ్డున కేసుల్లో ఎక్కువ భాగం అలాంటివే.