పెద్ద తెర టెలివిజన్ – ఎంపికలో మెలకువలు

దుప్పటి ఉన్నంత మేరకే కాళ్ళు చాపుకోవలెనని తెలుగువారి సామెత. చాదరు చూచుకొని కాళ్ళు చాపుమని ఉర్దూవారూ అంటారు. రెండు భాషలూ కలిసి వినిపించే మన గోదావరిఖనిలో ఈ హితవు మరుగున పడేది దసరా, దీపావళి దినాలలోనే. సింగరేణి కార్మికులకు లాభాల వాటా, బోనసు చేతికందే ఆ రోజులలో దుకాణాల ముందు పెద్ద తెర టెలివిజన్లు వెలుగులు చిమ్ముతుంటాయి. అంతటి రాబడి లేని కాంట్రాక్టు కార్మికుడు సైతం వాయిదాల ఆశతో ఆ తెరలవైపే చూస్తాడు.

ఒకప్పుడు ఈ ఎంపిక బాధ్యత కుటుంబానికి ఉండేది కాదు. 1975–76లో ఉపగ్రహం ద్వారా విద్యాప్రసారాల ప్రయోగం జరిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో ఊరంతా ఒకే పెట్టె ముందు కూర్చున్నది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, 1982లో రంగుల ప్రసారాలు వచ్చాయి. నేడు ఇంటికొక తెర. దాని మంచిచెడ్డలు ఎవరికి వారే నిర్ణయించుకోవలసి ఉంది.

పెద్ద తెరను కేవలం విలాసమని తోసివేయుట న్యాయం కాదు. మా తండ్రిగారు భూగర్భ గనిలో పనిచేసి విరమించినవారు. కంటి శుక్లాల వలన 32 అంగుళాల తెర అడుగున పరుగెత్తే వార్తల అక్షరాలు ఆయనకు అందేవి కావు. తమ్ముని కళాశాల రుసుముకై దాచిన సొమ్ములో కొంత తీసి, చౌకగా దొరికినదని 55 అంగుళాల పెట్టె తెచ్చాము. బొమ్మ పెద్దదైనదే గాని అక్షరం మసకబారింది. ప్రక్కగా మంచం మీద కూర్చున్న ఆయనకు రంగులు వెలిసిపోయి కనిపించాయి. వారంటీ తీరిన కొద్ది నెలలకే తెర చెడినది. దాని మరమ్మతు ఖర్చు ఇంచుమించు క్రొత్త పెట్టె వెలకు సమానమన్నారు. ఆ నష్టమే నాకీ పాఠం నేర్పింది.

మొదట కొలవవలసినది తెరను కాదు, దూరాన్ని. తెర కర్ణం కొలతను సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా, అనగా 1.6తో హెచ్చవేసిన దూరం చూపునకు అనుకూలమని ఒక లెక్క. ఆ ప్రకారం 32 అంగుళాలకు నాలుగుంబావు అడుగులు, 43కు ఆరడుగులకు కొంచెం తక్కువ, 55కు ఏడడుగుల పైచిలుకు. మా ఇంట మంచం గోడకు తొమ్మిదడుగుల దూరాన ఉండేది. దానిని తెరకు ఎదురుగా ఆరడుగులకు జరిపితే, అక్కడ 43 అంగుళాల తెర కంటికి తొమ్మిదడుగుల నుండి చూచే 64 అంగుళాల తెరతో సమానం. మంచం జరుపుటకు ఖర్చు లేదు కదా!

రెండవది బొమ్మలోని చుక్కల సంఖ్య. ఫుల్ హెచ్.డి. తెరకు సుమారు 20 లక్షల చుక్కలు. 4కె తెరకు దానికి నాలుగు రెట్లు. కాని సాధారణ ఛానెలు పంపే బొమ్మకు 576 వరుసలు మాత్రమే. తెర ఎంత పెద్దదైతే ఆ బొమ్మ అంతగా సాగి పలుచనవుతుంది. వార్తలకు, టి-శాట్ పాఠాలకు 43 అంగుళాల ఫుల్ హెచ్.డి. చాలును. అంతర్జాలం ద్వారా చిత్రాలు చూచేవారికి 4కె ఉపయోగపడుతుంది.

మూడవది తెర జాతి. ఐ.పి.ఎస్. రకం ప్రక్కనుండి చూచినా రంగు నిలుపుతుంది, వి.ఏ. రకం ఎదుటివారికి నలుపును గాఢంగా చూపుతుంది. క్యూ.ఎల్.ఇ.డి. అన్నది వేరు జాతి కాదు, వెనుక దీపం గల ఎల్.సి.డి.యే. దుకాణంలో వేసే ప్రదర్శన చిత్రం చూచి మురిసిపోరాదు. సాధారణ వార్తా ఛానెలు పెట్టించి, ప్రక్కకు నిలబడి చూడవలెను.

నాలుగవది సొమ్ము. 32 అంగుళాలకు మించిన తెరలపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గినది. కనుక పన్నుకు జంకి చిన్న తెర కొనవలసిన పని లేదు. సున్న వడ్డీ వాయిదాలన్నప్పుడు, మొత్తం నగదుగా ఇస్తే వెల ఎంతని అడగండి. నెలకు 2,200 చొప్పున 12 వాయిదాలైతే 26,400 రూపాయలు; నగదు ధర 24,500 అయితే మిగిలిన 1,900 మరో పేరుతో కట్టిన వడ్డీయే. నూరు వాట్ల పెట్టె రోజుకు ఐదు గంటలు నడిస్తే నెలకు 15 యూనిట్లు. మరమ్మతుదారు మన ఊరికి వచ్చునా, తెరకు కూడా వారంటీ వర్తించునా అన్నవి వ్రాతపూర్వకంగా తెలిసికొనవలెను. బొగ్గుధూళి వాలే మన ఇండ్లలో తెరను, ప్లగు తీసిన పిమ్మట, మెత్తని పొడిబట్టతో తుడవవలెనే గాని నీరు, స్పిరిటు తగలనీయరాదు.

విద్యార్థి మిత్రులారా! పెట్టె వెనుకనున్న ఇంగ్లీషు అక్షరాలు చదువలేని తల్లిదండ్రులు దుకాణానికి మిమ్మల్నే వెంటబెట్టుకొని వెళ్తారు. అమ్మేవాని మాటకు, మీ ఇంటి కష్టార్జితానికి నడుమ నిలిచేది మీ చదువే. ఆ రోజున జేబులో ఒక కొలత టేపు, గది కొలతలు వ్రాసిన చీటీ ఉంచుకొనండి. మా ఇంట ఇప్పుడున్నది 43 అంగుళాల తెర. ఆరడుగుల దూరాన కూర్చొని, మా తండ్రిగారు తెర అడుగున పరుగెత్తే వార్తలను పైకి చదివి మాకు వినిపిస్తున్నారు.