ఫోటోలోని ఎండను చెరిపేస్తేనే గేమ్‌లో గోడ పండుతుంది

సాయంత్రం నాలుగు గంటల ఎండలో ఒక పాత ఇటుక గోడను ఫోటో తీసి, దాన్ని వీడియో గేమ్‌లోని గోడకు అతికించారనుకుందాం. మొదటి చూపుకు బాగానే ఉంటుంది. గేమ్‌లో సూర్యుడు ఇటు నుంచి అటు మారగానే గుట్టు బయటపడుతుంది. ఎండ ఎడమవైపు నుంచి వస్తుంటే ఇటుకల నీడలూ ఎడమవైపుకే పడి ఉంటాయి. రాత్రి దీపం వెలుగులో చూసినా ఆ గోడ మీద సాయంత్రపు ఎండే కాస్తుంటుంది. తప్పు ఎక్కడుందో ఆటగాడు చెప్పలేకపోవచ్చు. కానీ అది గోడ కాదని, అంటించిన కాగితమని అతని కన్ను ఇట్టే పట్టేస్తుంది.

త్రిమితీయ రూపం మీద ఇలా పరిచే చిత్రాన్ని టెక్స్చర్ అంటారు. 1974లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్ క్యాట్‌మల్ తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. తరువాతి కాలంలో పిక్సార్ స్థాపకుల్లో ఆయన ఒకరు. గోడ మీది ప్రతి పగులునూ, ప్రతి సందునూ ఆకారంగా మలచాలంటే కంప్యూటర్‌కు లక్షల త్రిభుజాలు కావాలి. మంచి టెక్స్చర్ ఉంటే రెండు త్రిభుజాలతో పని జరిగిపోతుంది. అయితే ఆ చిత్రంలో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అన్నదగ్గరే అసలు పని మొదలవుతుంది.

ముందుగా పోవలసింది వెలుతురు. అందుకే అనుభవం ఉన్న కళాకారులు మబ్బు పట్టిన రోజునే కెమెరా బయటకు తీస్తారు. ఆకాశమంతా ఒకే దీపంలా వెలిగే ఆ వేళ నీడలు పలచబడతాయి. మిగిలిన హెచ్చుతగ్గులను ఫోటోషాప్‌లోనో, ఉచితంగా దొరికే గింప్‌లోనో సరిచేస్తారు. ఫోటోకు ఒక నకలు తీసి, బాగా మసకబారేలా చేస్తే ఇటుకలు మాయమై, ఎక్కడ వెలుగు ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నదే మిగులుతుంది. ఆ తేడాను అసలు ఫోటో నుంచి తీసేస్తే గోడంతా సమానమైన వెలుగులోకి వస్తుంది. అది చూడ్డానికి చప్పగా, ప్రాణం లేనట్టుగా ఉంటుంది. అలా ఉండటమే సరైనది. వెలుగునీడలు వేయడం ఇక గేమ్ ఇంజన్ పని.

తరువాతిది అతుకు. చిన్న చిత్రాన్నే పక్కపక్కన పేర్చి పెద్ద గోడను కప్పాలి కాబట్టి దాని కుడి అంచు ఎడమ అంచుతో కలిసిపోవాలి. ఆఫ్‌సెట్ అనే సౌకర్యంతో చిత్రాన్ని సగం దూరం జరిపితే బయటి అంచులు మధ్యలోకి వచ్చి, అతుకు గీతలా కనిపిస్తుంది. దాన్ని క్లోన్ పనిముట్టుతో పక్క ఇటుకల ముక్కలు తెచ్చి పూడుస్తారు. ఇక్కడే మనసు చంపుకోవలసిన పని ఒకటుంది. ఫోటోలో అన్నిటికంటే అందంగా ఉన్న మరకనో, విరిగిన ఇటుకనో తొలగించాలి. లేకపోతే అదే మరక గోడ పొడవునా వరసగా కనిపించి, చిత్రం ఎక్కడెక్కడ తిరిగి మొదలవుతోందో చెప్పేస్తుంది.

రంగు సిద్ధమైనా గోడ ఇంకా చదునుగానే ఉంటుంది. దీనికి 1978లో జిమ్ బ్లిన్ ఒక చిట్కా చూపారు. ఉపరితలాన్ని ఉబ్బించకుండానే, ఒక్కో బిందువు ఏ దిశకు తిరిగి ఉందో ఆ దిశను మాత్రం కాస్త పక్కకు వంచితే చాలు. కాంతి లెక్క మారిపోయి, కన్ను అక్కడ గుంటలూ మెట్టలూ ఉన్నాయని నమ్ముతుంది. గణితంలో ఆ దిశను అభిలంబం అంటారు. నేటి గేముల్లో దాని మూడు అక్షాల విలువలను ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులుగా ఒక చిత్రంలో దాస్తారు. తిన్నగా బయటికి చూసే బిందువుకు నీలం ఎక్కువ వస్తుంది కాబట్టి ఆ చిత్రాలన్నీ ఊదా కలిసిన నీలంలో ఉంటాయి.

ఇక గరుకుదనం. పాలిష్ పట్టిన నాపరాయి, పట్టని నాపరాయి రెండూ ఒకే రాయి. తేడా అంతా కంటికి కనపడని ఎగుడుదిగుళ్లలో ఉంది. నునుపు రాయి మీద పడిన కాంతి ఒకే దిశలో తిరిగి వస్తుంది, గరుకు రాయి మీద చెదిరిపోతుంది. దీన్ని చెప్పడానికి మరో నలుపు తెలుపు చిత్రం కావాలి. అందులోని బూడిదరంగు నిజానికి రంగు కాదు, కొలత. వాన కురిసిన గోడను చూపాలంటే ఈ చిత్రాన్నీ, రంగు చిత్రాన్నీ కలిపి మార్చాలి. ఇటుక రంధ్రాల్లో నీరు చేరితే కాంతి లోపలే ఎక్కువగా తిరిగి శోషణ అవుతుంది కనుక రంగు ముదురుతుంది. పైన నీటి పొర నునుపుగా ఉంటుంది కనుక మెరుపు పెరుగుతుంది.

కొత్తవారు ఎక్కువగా తడబడేది లోహం దగ్గర. ఇటుక, చెక్క, ప్లాస్టిక్ వంటివాటిని ఎదురుగా చూసినప్పుడు అద్దంలా పరావర్తనం చెందే కాంతి సుమారు 4 శాతమే. మిగతాది లోపలికి వెళ్లి, పదార్థం రంగు పులుముకుని బయటికి వస్తుంది. లోహంలోకి చొరబడిన కాంతి తిరిగి రాదు. లోహం రంగు దాని మెరుపులోనే ఉంటుంది. అందుకే బంగారం మెరుపు పసుపుగా, ఎర్ర ప్లాస్టిక్ బకెట్ మీది మెరుపు తెల్లగా కనిపిస్తాయి. ఇనుప గేటు కదా అని గేటు మొత్తాన్నీ లోహంగా గుర్తిస్తే అది బొమ్మలా తయారవుతుంది. దాని మీది రంగు లోహం కాదు. తుప్పు ఐరన్ ఆక్సైడ్, అదీ లోహంలా ప్రవర్తించదు. రంగు గీసుకుపోయి ఇనుము బయటపడ్డ చోట్లు మాత్రమే లోహం.

2012లో డిస్నీకి చెందిన బ్రెంట్ బర్లీ, ప్రయోగశాలలో కొలిచిన పదార్థాల గణాంకాలను పరిశీలించి, కళాకారులకు అర్థమయ్యే కొద్దిపాటి కొలతలతో ఈ ప్రవర్తనను వర్ణించే నమూనాను ప్రకటించారు. గేమ్ ఇంజన్లు త్వరలోనే దాన్ని తమ అవసరాలకు మలచుకున్నాయి.

ఇన్ని చిత్రాలకూ చోటు కావాలి. 4096 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒక్క చిత్రం కుదించకపోతే 64 మెగాబైట్లు తింటుంది. గ్రాఫిక్స్ చిప్ నేరుగా చదవగలిగేలా కుదిస్తే 16 మెగాబైట్లకు దిగుతుంది. దూరంగా ఉన్న గోడ మిణుకుమిణుకుమనకుండా, లాన్స్ విలియమ్స్ 1983లో వివరించిన పద్ధతిలో సగం, పావు, అరపావు పరిమాణాల నకళ్లనూ ముందే దాచి ఉంచుతారు. వాటికి మరో మూడో వంతు చోటు. మొబైల్‌లో ఆడే గేముకు ఇది పెద్ద భారమే కాబట్టి, గరుకుదనం, లోహం వంటి నలుపు తెలుపు చిత్రాలను ఒకే చిత్రంలోని వేర్వేరు రంగు పొరల్లో సర్దుతారు.

చివరికి మిగిలేది పరిశీలన. ఆ ఇనుప గేటునే తీసుకుంటే, ఏళ్ల తరబడి చేతులు పడ్డ గడియ చుట్టూ ఉపరితలం నునుపు తేలి ఉంటుంది. నేర్పున్న కళాకారుడు దాన్ని రంగు చిత్రంలో వేయడు, గరుకుదనం చిత్రంలో మాత్రమే నాలుగు వేళ్ల జాడను లేతగా దిద్దుతాడు. ఎదురుగా నిలబడితే ఆ జాడ ఉన్నట్టే తెలియదు. ఆటగాడు గేటు దాటుతూ పక్కకు తిరిగినప్పుడు, ఏటవాలు వెలుగులో ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది.