నడుం జాగ్రత్త: బడిసంచి నుంచి బియ్యం మూట దాకా

 

మన పోచంపల్లి చుట్టుపక్కల చాలా ఇళ్ళలో "నాయినకు డిస్క్ జారింది, పనికి పోవడం లేదు" అనే మాట వినబడుతుంది. మామిడికాయల క్రేట్లు ఎత్తేవాళ్ళు, కొబ్బరికాయల మూటలు మోసేవాళ్ళు, సిప్కాట్ ఫ్యాక్టరీల్లో షిఫ్టంతా ఒకే తీరున కూర్చునేవాళ్ళు, నీళ్ళ బిందెలు మోసే అమ్మలు, వీళ్ళందరి బతుకూ నడుం మీదే నిలబడి ఉంది. నడుం పడిపోతే ఇంటి రాబడీ పడిపోతుంది. వంగే తీరు, ఎత్తే తీరు, కూర్చునే తీరు చిన్నప్పుడే అలవాటవుతాయి. అందుకే ఈ విషయం బడి తరఫున రాస్తున్నాను.

డిస్క్ అంటే ఏమిటి?

మన వెన్నెముకలో కదిలే పూసలు 24. పూసకూ పూసకూ మధ్య మెత్తలాగా ఉండేదే డిస్క్. ఇవి మొత్తం 23. లేత బోండాన్ని గుర్తు చేసుకోండి: బయట గట్టి పీచు, లోపల మెత్తని కొబ్బరి. డిస్క్ కూడా అట్లాంటిదే. చుట్టూ గట్టి నారల పొరలు, నడుమ జిగురులాంటి పదార్థం ఉంటాయి. పగలంతా మన బరువుకు డిస్క్ కొంచెం కుంగుతుంది, రాత్రి పడుకున్నప్పుడు నీరు పీల్చుకుని మళ్ళీ ఉబ్బుతుంది. అందుకే సాయంత్రం కన్నా పొద్దున మన ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ. పిల్లలూ, ఇంట్లో గోడ దగ్గర నిలబడి కొలిచి చూడండి.

"డిస్క్ జారడం" అంటాం గానీ నిజానికి అది జారిపోదు. చాలావరకు ఏళ్ళ తరబడి అరిగిన నారల పొర చిట్లి, లోపలి పదార్థం బయటికి పొడుచుకొచ్చి పక్కనున్న నరాన్ని ఒత్తుతుంది. ఎక్కువగా నడుం కింది భాగంలోని చివరి రెండు డిస్క్‌లకే ఈ బాధ. అందుకే నొప్పి పిరుదు నుంచి కాలిలోకి లాగుతుంది.

సంచి బరువు

బడిసంచి మోసినంత మాత్రాన పిల్లల డిస్క్ చిట్లిపోదు. పిల్లల్లో ఆ జబ్బు అరుదు. కానీ మితిమీరిన బరువుతో భుజాలు, వీపు నొప్పి పుడతాయి. ముందుకు వంగి నడవడం అలవాటవుతుంది.

తమిళనాడు ప్రభుత్వం 2012-13లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పుస్తకాలను మూడు టర్మ్‌లుగా విడగొట్టింది. సంచి బరువు తగ్గించడమే దాని ఉద్దేశాల్లో ఒకటి. కేంద్ర ప్రభుత్వ 2020 బడిసంచి విధానం ప్రకారం సంచి బరువు పిల్లల బరువులో పదోవంతు దాటకూడదు. ఆ లెక్కన ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు, మూడు నుంచి ఐదుకు 1.7 నుంచి 2.5, ఆరు, ఏడు తరగతులకు 2 నుంచి 3, ఎనిమిదికి 2.5 నుంచి 4, తొమ్మిది, పది తరగతులకు 2.5 నుంచి 4.5 కిలోలు.

మన పిల్లలకు తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు భాషల పుస్తకాలూ ఉంటాయి కాబట్టి మనకు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. రాత్రే టైంటేబుల్ చూసి ఆ రోజుకు కావలసినవే సర్దండి. గైడ్లు ఇంట్లోనే ఉంచండి. లీటరు నీళ్ళంటేనే ఒక కిలో, కాబట్టి చిన్న బాటిల్ ఇచ్చి పంపండి, బడిలో నింపుకుంటారు. బరువైన పుస్తకాలు వీపుకు ఆనేటట్టు పెట్టాలి. రెండు పట్టీలూ రెండు భుజాలకూ వేసుకోవాలి. సంచి నడుం కిందికి వేలాడకూడదు.

ఎత్తడం, కూర్చోవడం

స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ 1960లలో మనుషుల నడుం డిస్క్‌లోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. పడుకున్నప్పుడు ఒత్తిడి చాలా తక్కువ, ముందుకు వంగి బరువు ఎత్తేటప్పుడు చాలా ఎక్కువ అని తేలింది.

కాబట్టి బియ్యం మూటైనా, బిందైనా, మామిడి క్రేటైనా దాని దగ్గరికి పోయి, మోకాళ్ళు వంచి, ఒంటికి ఆనించుకుని లేపండి. చేతులు చాచి ఎత్తితే అదే బరువు నడుంకు ఎన్నో రెట్లవుతుంది. బరువు చేతిలో ఉండగా నడుం మెలితిప్పకండి, పాదాలు కదిపి ఒళ్ళంతా తిరగండి. ఒక పెద్ద మూట కన్నా రెండు చిన్న మూటలు మేలు. పొద్దున లేచీ లేవగానే డిస్క్ ఉబ్బి, బిగుసుకుని ఉంటుంది. కాసేపు అటూ ఇటూ నడిచాకే వంగే పనులు, బరువు పనులు పెట్టుకోండి.

పెద్దవాళ్ళ డిస్క్‌లో రక్తనాళాలు దాదాపు ఉండవు. చుట్టుపక్కల నుంచి ఇంకే పోషకమే దానికి ఆధారం, ఒళ్ళు కదులుతుంటేనే అది బాగా అందుతుంది. గంటల తరబడి కూర్చునేవాళ్ళు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. పిల్లలు మంచం మీద బోర్లా పడుకుని రాయకుండా, పుస్తకం ఎత్తుగా పెట్టుకుని కూర్చుని రాయాలి. ఫోన్ కళ్ళ ఎత్తుకు తెచ్చుకోవాలే గానీ తల ఫోన్ దగ్గరికి వంచకూడదు. రోజూ నడక, ఆట ఉండాలి. బీడీ, సిగరెట్టు డిస్క్‌నూ పాడుచేస్తాయని నాయినలు గుర్తుంచుకోవాలి.

నొప్పి వస్తే

చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. రోజుల తరబడి మంచం పట్టడం మంచిది కాదు, ఓర్చుకోగలిగినంత మెల్లగా తిరగాలి. నడుం తొక్కించడం, విరిపించడం వద్దు. కాలు బలం తగ్గినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల నడుమ తిమ్మిరెక్కినా ఒక్క పూట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాలి. పిల్లవాడు వారాల తరబడి నడుం నొప్పి అంటే బడి ఎగ్గొట్టే సాకు అనుకోకుండా డాక్టరుకు చూపించండి.

ఈ వారం ఏదైనా అంగడి తక్కెడలో మీ బిడ్డ సంచి తూచి, ఆ అంకె డైరీలో రాసి పంపండి. ఎక్కువ ఉంటే ఏం తీసేయాలో క్లాస్ టీచరు చెబుతారు. బరువు ఎక్కువ ఉందని ఏ పిల్లవాణ్ణీ తిట్టవద్దని టీచర్లకు చెప్పాను. పీటీ పీరియడ్‌ను లెక్కలకు వాడవద్దనీ చెప్పాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు