ఒంటరి దారిలో ఒక రోజు సైకిలు ప్రయాణం – శరీరం నేర్పే పాఠాలు



ఈసారి మిమ్మల్ని కాసేపు అమెరికాలోని ఒక దారి మీదికి తీసుకువెళ్తున్నాము. అది నెవాడా రాష్ట్రం మధ్యగా పోయే 50వ నంబరు రహదారి. 1986 జూలైలో ‘లైఫ్’ పత్రిక దాన్ని అమెరికాలోకెల్లా ఒంటరి రహదారి అన్నది. ఆ పేరే స్థిరపడింది. ఆ దేశాన్ని ఒక సముద్రతీరం నుంచి మరో తీరం వరకు సైకిలు మీద దాటేవారిలో కొందరు ఈ దారినే, అదీ ఒంటరిగా, వెళ్తుంటారు.

ఈ దారిలో ఈలీ అనే ఊరి నుంచి యురేకా అనే ఊరికి 77 మైళ్లు, అంటే సుమారు 124 కిలోమీటర్లు. ఇంచుమించు మన విజయవాడ నుంచి ఖమ్మం అంత దూరం. మధ్యలో హోటలు లేదు, కిరాణా కొట్టు లేదు, కుళాయి లేదు. నాలుగు కనుమలు ఎక్కి దిగాలి. సామానుతో తొక్కేవారికి, ఆగే సమయం కూడా కలుపుకుంటే, పది పదకొండు గంటలు పడుతుంది.

ఎక్కడి నెవాడా, ఎక్కడి మన ఆసుపత్రి అని మీరు అడగవచ్చు. పక్కన మనిషి లేని చోట శరీరం పాటించే నియమాలు స్పష్టంగా కనబడతాయి. మిరప తోటలో పనిచేసే అక్కకూ, గొర్రెల వెంట తిరిగే అన్నకూ, పెద్ద ఇంట్లో ఒక్కరే ఉంటున్న అమ్మమ్మకూ అవే నియమాలు.

బయలుదేరే ముందు

ఈలీ ఊరే సముద్రమట్టానికి 6,400 అడుగుల ఎత్తున ఉంది. వేసవిలో కూడా అక్కడ తెల్లవారుజాము చల్లగా ఉంటుంది. అనుభవం ఉన్నవారు వెలుతురు రాగానే బయలుదేరి, ఎండ ముదరక ముందే మొదటి కనుమ అయిన రాబిన్సన్ సమ్మిట్ (7,607 అడుగులు) ఎక్కేస్తారు. సంచుల్లో ఏడెనిమిది లీటర్ల నీళ్లు ఉంటాయి. లీటరు నీళ్లంటే కిలో బరువు. అంత బరువుతో ఎత్తు ఎక్కడం కష్టమే. కానీ మధ్యలో నింపుకునే చోటు లేదు.

అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. ఏ దారిన వెళ్తున్నదీ, ఎన్ని గంటలకు చేరేదీ, ఆ వేళకు కబురు రాకపోతే ఎవరికి తెలపాలన్నదీ ఒక మనిషికి చెప్పి వెళ్లాలి. ఆ దారిలో చాలాచోట్ల సెల్‌ఫోనుకు సిగ్నల్ అందదు.

ఆకలి ఆలస్యంగా చెబుతుంది

మన శరీరం కొంత చక్కెరను దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు. ఎడతెగక గట్టిగా తొక్కితే ఇది రెండు మూడు గంటల్లో చాలావరకు ఖర్చయిపోతుంది. అప్పుడు కాళ్లు సీసంలా బరువెక్కుతాయి, చేతులు వణుకుతాయి, బుర్ర పనిచేయదు. ఆ స్థితికి వచ్చాక తింటే వెంటనే తేరుకోలేరు. అందుకే దూరం వెళ్లేవారు ఆకలి కోసం ఎదురుచూడకుండా, అరగంటకొకసారి అరటిపండో, ఖర్జూరాలో, రొట్టెముక్కో తింటూ ఉంటారు.

షుగరు వ్యాధికి ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారికి ఇది మరీ ముఖ్యం. ఎక్కువ శ్రమ చేసిన రోజున పని అయిపోయాక, ఒక్కోసారి రాత్రి నిద్రలో కూడా, షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ తాగాలి. మందు మోతాదు మాత్రం సొంతంగా మార్చకండి. ముందుగా డాక్టరు గారిని అడగండి.

నీళ్లతో పాటు ఉప్పు

ఎత్తయిన పొడి ప్రదేశంలో చెమట పట్టినట్లే తెలియదు. పట్టినది పట్టినట్లే ఆరిపోతుంది. అయినా గంటకు అర లీటరు నుంచి లీటరు వరకు పోవచ్చు. చెమటతో ఉప్పు కూడా పోతుంది. అలాగని వట్టి నీళ్లు బలవంతంగా తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం తగ్గి తలనొప్పి, వాంతులు, చివరకు ఫిట్స్ రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్ పరుగులో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. పరుగులో మితిమీరి నీళ్లు తాగి బరువు పెరిగినవారిలోనే అది ఎక్కువగా కనిపించింది.

కనుక కొద్దికొద్దిగా, తరచుగా తాగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలలేదన్నమాట. గంటల తరబడి చెమటోడ్చేవారికి ఓ.ఆర్.ఎస్. మంచిది. అది దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో, తలకొట్టి) కలుపుకోండి. గుండె, కిడ్నీ, బి.పి., షుగరు రోగులు డాక్టరును అడిగాకే వాడాలి.

బుద్ధి తడబడే వేళ

మధ్యాహ్నం దాటేసరికి అక్కడ తరచూ పడమటి గాలి లేస్తుంది. యురేకా కూడా పడమటనే. అంటే గాలికి ఎదురు తొక్కాలి. మన రెంటచింతల, రామగుండం ఎండలంత కాకపోయినా, ఎండ, గాలి, అలసట మూడూ కలిసే వేళ అది.

వడదెబ్బకు మొదట లోబడేది తరచుగా మన ఆలోచనే. చిరాకు, మాట తడబడటం, నడక తూలడం, ఇంకాస్త దూరమే కదా అనే మొండితనం వస్తాయి. పక్కన మనిషి ఉంటే గమనించి కూర్చోబెడతారు. ఒంటరివారికి ఆ సాయం లేదు. అందుకే వారు శరీరం చెప్పేదాకా ఆగకుండా గడియారం చూసి తింటారు, తాగుతారు, నీడ దొరికిన చోట ఆగుతారు.

ఎవరైనా ఎండలో తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చండి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేవరకు చల్లబరచడం ఆపకండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదని అనుకోకండి.

ఆగడం కూడా ప్రయాణంలో భాగమే

అమెరికాను మొదట సైకిలు మీద దాటినవారు థామస్ స్టీవెన్స్. ముందు పెద్ద చక్రం, వెనుక చిన్న చక్రం ఉన్న సైకిలు అది. 1884 ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరి, ఆగస్టు 4న బోస్టన్ చేరారు. ఆ దారిలో మూడో వంతుకు పైగా ఆయన నడవవలసి వచ్చింది. వానల వల్ల, ఇతర కారణాల వల్ల సుమారు 20 రోజులు ఆగిపోయారు. అయినా అవతలి తీరం చేరారు.

బైబిలులో ఏలీయా ప్రవక్త అలసి, ప్రాణం విసిగి, బదరీవృక్షం క్రింద పడుకున్నప్పుడు దేవదూత మొదట మందలించలేదు. రెండుసార్లు లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మధ్యలో నిద్రపోనిచ్చాడు. హోరేబు కొండకు ప్రయాణం ఆ తరువాతనే. తిండి, నీళ్లు, విశ్రాంతి విశ్వాసానికి అడ్డు కావని మేము మా రోగులకు తరచూ చెప్పేది ఇందుకే.

మన మధ్య ఒంటరి ప్రయాణికులు

మన సంఘాల్లో పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉండి, ఒక్కరే ఉంటున్న పెద్దలు ఎందరో ఉన్నారు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. షుగరు ఉన్నవారికి గుండెపోటు కూడా ఒక్కోసారి నొప్పి లేకుండా రావచ్చు. వారికీ ఆ సైకిలు యాత్రికుని పద్ధతే మేలు:

• రోజూ ఒకే వేళకు భోజనం, మందులు, నీళ్లు.
• రోజూ ఒకే వేళకు ఒకరికి ఫోను. ఆ వేళకు ఫోను రాకపోతే వెళ్లి తలుపు తట్టే మనిషి పక్కింట్లో ఉండాలి.
• వాడే మందుల చీటీ, దగ్గరివారి ఫోను నంబరు కనిపించే చోట అంటించి ఉంచాలి.
• ఎండలో ఒంటరిగా పనికి వెళ్లేవారు ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పుడు వచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి.

స్త్రీల సమాజం వారు, యవ్వనస్థులు తమ వీధిలో అలా ఉంటున్న ఒక్కొక్కరి బాధ్యత తీసుకుంటే చాలు. రోజుకు రెండు నిమిషాల ఫోను ఒక ప్రాణాన్ని నిలపవచ్చు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, మీ వరుసలో ఒంటరిగా కూర్చున్నవారిని, ఏ వేళకు ఫోను చేయమంటారో అడగండి.

మీ రాకపోకలలో దేవుడు మీకు తోడైయుండును గాక.